తిప్పన్న దవడ, జొన్నరొట్టె నేరం

నోరు పూర్తిగా తెరుచుకోని మనిషికన్నా అదృష్టవంతుడు ఈ దేశంలో మరొకడు లేడు!

అట్లా చూడకండి. నోరు తెరవడం వల్లనే కదా మనకిన్ని తిప్పలు? పంచాయతీ మీటింగులో నోరు తెరిచి పగలు కొనితెచ్చుకున్నవాళ్ళు ఎంతమంది? పెళ్ళి భోజనంలో మూడో హోళిగకు నోరు తెరిచి షుగర్ తెచ్చుకున్నవాళ్ళు ఎంతమంది? వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి పోలీస్ స్టేషన్ మెట్లెక్కినవాళ్ళ సంగతేమిటి? చెవి కింద దవడ కీలులో ఒక మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది కాస్త పక్కకు జారిందా, ఈ కష్టాలన్నీ తీరిపోయినట్టే!

నమ్మకం కుదరకపోతే బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళికి వెళ్ళి హవల్దార్ తిప్పన్నను చూడండి. ఆయనకు ఈ వరం రెండు దవడలకూ దక్కింది.

తిప్పన్న కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, పంతొమ్మిదో ఏట మిలిటరీలో చేరాడు. గొంతు బాగుందని డ్రిల్ ఉస్తాద్‌ను చేశారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పరేడ్ నేర్పేవాణ్ణి అక్కడ ఉస్తాద్ అంటారు. ‘సావ్‌ధాన్’ అని మనం కూడా అనగలం. కానీ ఉస్తాద్ అనేది వేరు. ఆ ‘సా’ను మైదానం ఈ చివర ఎత్తుకుంటే ఆ చివర ఉన్న కుర్రాడి వెన్నులో దిగాలి. అంతసేపూ దవడ కిందికి జారి ఉండాలి. సర్వీసున్నంత కాలం, చలిలో, వానలో, రోజూ పొద్దున్నే తిప్పన్న దవడ చేసిన ఉద్యోగం అదే.

కొన్నేళ్ళకు చెవి పక్కన ‘టక్’మనడం మొదలైంది. యూనిట్ డాక్టరు ఒక మాత్ర ఇచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. పైనున్న సుబేదారు మాత్రం భుజం తట్టి, దవడ నొప్పని సిక్ రిపోర్ట్ పెట్టుకునే ఉస్తాద్‌ను చూసి కుర్రాళ్ళు నవ్వరా అన్నాడు. నవ్వుతారని తిప్పన్నకూ తోచింది. అందుకని ఇంకొంచెం గట్టిగా అరిచాడు.

రిటైరై వచ్చి, కాలువ కింద కొంచెం మడి కొనుక్కుని వరి పెట్టుకున్నాడు. ఊళ్ళో ఇస్కూలువాళ్ళు జెండా పండగకు పిల్లలకు పరేడ్ నేర్పమంటే సంతోషంగా వెళ్ళేవాడు. అట్లా ఒక ఏడు, అందరి ముందు ‘సా…’ అని ఎత్తుకున్నాడు. ‘ధాన్’ రాలేదు! దవడ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. పిల్లలు ఆ రెండో ముక్క కోసం అట్లాగే నిలబడ్డారు. హెడ్‌మాస్టరు ఇదేదో మిలిటరీలో వచ్చిన కొత్త పద్ధతనుకుని చప్పట్లు కొట్టాడు. తిప్పన్న తువాలు నోటికి అడ్డం పెట్టుకుని గేటు దాటాడు. ఆ తర్వాత మడికి పోవాలన్నా ఇస్కూలు ముందు రోడ్డు వదిలేసి, కాలువ గట్టున చుట్టు తిరిగి పోయేవాడు.

అప్పటినుంచి దవడకు రెండు గుణాలు. మామూలు రోజుల్లో ఒక వేలు పట్టేంత తెరుచుకుంటుంది, అంతే. ఎప్పుడో ఒకసారి మొత్తం తెరుచుకుంటుంది, ఇక మూసుకోదు.

మరి అదృష్టం ఎక్కడుందంటారా? ఇంట్లో జగడాల్లేవు. పెళ్ళాం నేత్రావతి నాలుగు మాటలంటే ఈయన ఒక్క మాట వెతుక్కునేలోగా ఆమె వంట ముగించి చేనికి పోతుంది. పళ్ళు అరగవు, ఎందుకంటే ఆయన తాగేది అంబలి. పొద్దున్నే ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ లోపలికి పోదు కనుక నూనె ఖర్చు లేదు. ఎలక్షన్లలో మూడు పార్టీలవాళ్ళూ ఆయన ఇంటికే ముందు వస్తారు. ఏదీ అడగని ఓటరు అంటే ఎవరికి చేదు?

ఈ భోగాన్ని చెడగొట్టింది డాక్టర్ సవిత. బళ్ళారిలో పళ్ళ డాక్టరు. ఆమె తిప్పన్న నోట్లో వేళ్ళు పెట్టి చూసి, “మీ మూడు వేళ్ళు నిలువునా పట్టాల్సిన చోట ఒకటే పడుతోంది. కీలు అరిగిపోయింది. ఏం ఉద్యోగం చేశారు మీరు?” అని అడిగింది. నేత్రావతి చెప్పింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, “అయితే ఇది సర్వీసులో వచ్చిందే. అంగవైకల్యం పెన్షన్‌కు అడగండి” అంది.

సిరుగుప్పలో మాజీ సైనికుల సంఘానికి కోదండరామి సెక్రెటరీ. మిలిటరీలో క్లర్కుగా చేసి వచ్చినవాడు, రూల్సన్నీ నోటికొచ్చు. ఆయన రెండు ముక్కల్లో తేల్చాడు.

“చూడప్పా తిప్పన్నా, ఇరవై శాతం చెడిపోయిందని మిలిటరీ డాక్టర్ల బోర్డు చెప్పాల. అది సర్వీసు వల్లనే చెడిందని కూడా చెప్పాల. ఈ రెండూ ఉంటే పెన్షను. ఒకటే ఉంటే సుమ్నే ఉత్త చేతులతో ఇంటికి పోయేదే.”

తిప్పన్నకు మనసొప్పలేదు. “కాళ్ళు పోయినోళ్ళు ఉండారు, కోదండరామీ. నేను దవడ చూపిచ్చి చెయ్యి చాపాల్నా?” అని పళ్ళ సందున గొణిగాడు.

“చెయ్యి చాపమని ఎవరన్నారు? నోరు తెరవమంటాండారు. అదే కదా నీకు తెరుచుకోనిది!” అంది నేత్రావతి. “నీ దవడ ఇంట్లో నేనేమన్నా ఇరగ్గొట్టినానా? ఇచ్చినోళ్ళనే అడుగుదాం పద.”

బోర్డు ఒక పెద్ద నగరంలోని మిలిటరీ ఆసుపత్రిలో. రైలు దిగి పొద్దున్నే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. పొద్దు నడినెత్తికెక్కింది. నేత్రావతి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టింది. పైన ఫ్యాను తిరుగుతోంది, కడుపులో పెరుగన్నం, రాత్రంతా రైల్లో నిద్ర లేదు. సైనికుడైతే మాత్రం మనిషి కాదా? తిప్పన్న ఆవులించాడు.

టక్!

ఏళ్ళ తరబడి ఒక వేలికి మించి పట్టని నోరు, రైలు పోయాక లేచిన గేటులాగా పైకి లేచి మళ్ళీ దిగలేదు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఆయన పేరు పిలిచారు.

పిలిస్తే ఆగే అలవాటు తిప్పన్నకు లేదు. తెరిచిన నోటితోనే లోపలికి నడిచి, అట్లాగే సెల్యూట్ కొట్టాడు. ఒక కుర్ర డాక్టరు స్కేలు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. “సర్, మామూలు కంటే ఎక్కువే తెరుచుకుంటోంది!” అన్నాడు.

“భేష్! నాకే అంత తెరుచుకోదు” అన్నాడు బోర్డుకు పెద్దగా కూర్చున్న కల్నల్, కాగితం మీద రాసుకుంటూ.

వాకిట్లో ఉన్న నేత్రావతికి ఆగలేదు. సగం తెలుగు, సగం కన్నడలో, “సార్, తెరిచింది చాలు, మూయమనండి సార్! మూసుకుంటాదేమో చూడండి!” అని కేకేసింది.

కల్నల్‌కు కన్నడ తెలుసు. చెడ్డవాడు కూడా కాదు. పుస్తకం తిరగేసి, చాలా బాధపడుతూ, “ఎంత తెరుచుకోకపోతే ఎంత శాతమో ఇందులో ఉందమ్మా. మూసుకోకపోతే ఎంతో ఇందులో లేదు” అన్నాడు.

కుర్ర డాక్టరు గ్లవ్స్ వేసుకుని, తిప్పన్న నోట్లో రెండు బొటనవేళ్ళు పెట్టి దవడను కిందికి నొక్కి వెనక్కి తోశాడు. తిప్పన్న కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. దవడ కూర్చుంది. కూర్చుని, ఎప్పటిలాగే ఒక వేలి దగ్గర బిగుసుకుంది.

“ఇప్పుడు కొలవండి సార్!” అంది నేత్రావతి.

“ఇవాళ్టి కొలత అయిపోయిందమ్మా. సంతకాలు కూడా పడ్డాయి.”

వైకల్యం: లేదు! మనలో ఎంతమందికి దొరుకుతుంది ఈ గౌరవం? నీ నోరు దేశ సగటు కంటే పెద్దదని ముగ్గురు ఆఫీసర్లు సంతకం పెట్టి ఇవ్వడం మాటలా?

కోదండరామి అప్పీలు రాశాడు. అది పైకి పోయి కిందికి వచ్చేలోగా తిప్పన్న మడిలో రెండు పంటలు కోతకొచ్చాయి. ఆఖరికి రెండో బోర్డుకు పిలుపు వచ్చింది.

“ఈ తూరి బరీ నోటి మాటలు పనికి రావు. కండ్లకు కనపడే సాక్ష్యం ఏమన్నా పట్టుకోని పోండి” అన్నాడు కోదండరామి.

నేత్రావతికి కళ్ళకు కనపడే సాక్ష్యం ఒకటే తెలుసు. జొన్నపిండి తడిపి, రొట్టెలు పల్చగా తట్టి, పెనం మీద కాల్చి, గలగలలాడేదాకా ఆరబెట్టింది. ఆ ఖడక్ రొట్టెలను గుడ్డలో కట్టి, గురెళ్ళ పొడి పొట్లం పక్కన పెట్టుకుంది. రైలెక్కాక గానీ తిప్పన్నకు అందులో ఏముందో చెప్పలేదు.

ఈసారి బోర్డులో కల్నల్ పక్కన ఒక లేడీ డాక్టరు ఉంది. కొలతలు అయ్యాక నేత్రావతి లోపలికి వచ్చి, టేబుల్ మీద మూట విప్పింది.

“మా ఊర్లో మనిషి దినామూ తినేది ఇదే సార్. ఆరేళ్ళ పిల్లోడు తింటాడు. పండ్లు ఊడిన ముసిలోళ్ళు నానబెట్టుకోని తింటారు. ఈయప్ప తినేది మీరే చూడండి.”

తిప్పన్న ఆమెవైపు చూశాడు. ఒకప్పుడు ఆయన గొంతుకు ఐదువందల బూట్లు ఒకేసారి నేలను తన్నేవి. ఇప్పుడు ఆఫీసర్ల ముందు కుర్చీలో కూర్చుని రొట్టె తినాలి. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. నేత్రావతి గుడ్డ అంచు పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. ఆయన రొట్టె అందుకున్నాడు.

గోరంత ముక్క విరిచి, పెదాల సందున దూర్చి, వేలితో బుగ్గలోకి నెట్టాడు. నమలబోయాడు. టక్. గదిలో అందరికీ వినపడింది. ఇంకోసారి టక్. మెడ నరాలు బిగిశాయి. ముక్క మెత్తబడలేదు, ఆయన ఉమ్మనూ లేదు. నమిలి, ఆగి, అరచేత్తో దవడను పట్టుకుని మళ్ళీ నమిలాడు. కల్నల్ కిటికీవైపు తిరిగాడు. రెండో ముక్క విరవబోతుంటే లేడీ డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి, “చాలు, హవల్దార్ సాబ్. ప్లీజ్” అంది.

తిరుగు రైల్లో నేత్రావతి మిగిలిన రొట్టెలను మళ్ళీ గుడ్డలో కట్టింది. ఈసారి పని అయినట్టేనని ఇద్దరికీ లోపల తెలుసు.

కాదని ఎవరన్నారు? అయింది! ఉత్తరం వచ్చింది. కోదండరామి ఇంటికే వచ్చి గట్టిగా చదివాడు. దవడ ఇరవై శాతం చెడిపోయినట్టు బోర్డు ఒప్పుకుంది. నేత్రావతి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“ఇరు, ఇరు, ఆగమ్మా, ఇంగా ఉండాది” అన్నాడు కోదండరామి. ఆయన గొంతు తగ్గింది. “కారణం: అభ్యర్థి స్వస్థలంలో వాడుకలో ఉన్న గట్టి ఆహారం. సదరు రొట్టెను బోర్డు స్వయంగా పరిశీలించింది. సైనిక సేవతో సంబంధం లేదు.”

అయ్యా, ఇదండీ పరిశోధన అంటే! పోలీసులు దొంగను పట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఇక్కడ ముద్దాయిని పెళ్ళామే గుడ్డలో కట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నేరం అక్కడికక్కడే రుజువైంది!

నేత్రావతి ఆ రోజునుంచి పెనం పొయ్యి మీద పెట్టలేదు. మూడు పూటలా అన్నమే. “నా చేత్తో నేనే కట్టుకోని పోయి నీ నోట్లో మన్ను కొట్టినా కదయ్యా” అని ఒకటే ఏడుపు. తిప్పన్న రెండు రోజులు చూశాడు. మూడో రోజు డబ్బాలో మిగిలిన ఖడక్ రొట్టె తానే తీసి, పప్పులో నానేసి, చెంచాతో తాగినట్టుగా తిన్నాడు.

“రొట్టె ఏం చేసిందే పాపం” అన్నాడు. “రేపు చెయ్యి.”

ఆ తర్వాత వచ్చిన ఆదివారం సంఘం మీటింగ్‌లో తిప్పన్నకు వచ్చిన ఉత్తరం అందరికీ చదివి వినిపించారు. ఎవరూ నవ్వలేదు. హులిగెప్ప అనే ముసలాయన లేచాడు. ఫిరంగుల పక్కన పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నవాడు. ఏం జరుగుతోందో పక్కవాడు చెవిలో అరిచి చెబితే అర్థమై, “నాకూ అట్లనే రాసినారప్పా! మా ఊరి జాత్రలో డోళ్ళ వల్ల చెవులు పోయినాయంట!” అని మైకు లేకుండానే మారుమోగించాడు. మంచుకొండల్లో మోకాళ్ళు పోగొట్టుకున్న ఇంకొకాయనకు, చిన్నప్పుడు వరినాట్లు వేయడం వల్ల పోయాయని వచ్చిందట.

ఇక్కడే మనం కాస్త ఆలోచించాలి. ఫిరంగి పక్కన నిలబడితే చెవులకేమీ కాదు, మంచులో పడుకుంటే మోకాళ్ళకేమీ కాదు, జీవితమంతా అరిస్తే దవడకేమీ కాదు. ఉన్న ప్రమాదమంతా బళ్ళారి జిల్లాలోనే ఉంది! ఇక్కడి రొట్టె, డోలు, వరి నారు అన్నీ కలిసి మన సైన్యం మీద కుట్ర పన్నాయి. బిడ్డల ఆరోగ్యం బాగుండాలనుకునే తల్లిదండ్రులు వెంటనే వాళ్ళను సరిహద్దుకు పంపడం మంచిది.

బళ్ళారి లాయరు యశోద ఆ మీటింగ్‌కు వచ్చింది. ఉత్తరం అడిగి తీసుకుని, కేసు ట్రిబ్యునల్లో వేసింది. విచారణ రోజున తిప్పన్న ఇస్త్రీ చొక్కాకు మెడల్సు పెట్టుకుని వెళ్ళాడు. ప్రభుత్వ లాయరు జొన్నరొట్టె గట్టిదనం మీద చాలాసేపు మాట్లాడాడు. ముసలి జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగాడు.

“మిలిటరీలో చేరేముందు ఈయన రొట్టె తిన్నాడా?”

“పుట్టినప్పటినుంచీ, మైలార్డ్! అదే మా వాదన.”

“చేరిన రోజు మీ డాక్టర్లు పరీక్ష చేసి ఏమని రాశారు?”

“ఫిట్ అని, మైలార్డ్.”

“దవడతో సహా?”

“…దవడతో సహా.”

జడ్జి తిప్పన్నవైపు తిరిగాడు. “హవల్దార్, సర్వీసులో మీకు మెస్సులో ఏం పెట్టేవాళ్ళు?”

“పూరీ, ఆలూ సార్” అన్నాడు తిప్పన్న, ఒక వేలంత నోటితో. “మెత్తగా ఉండేది సార్.”

“అంటే,” అని జడ్జి ప్రభుత్వ లాయరును చూశాడు, “పంతొమ్మిదేళ్ళు రోజూ తిన్నప్పుడు ఏమీ చేయని రొట్టె, తినడం మానేశాక దవడ విరగ్గొట్టిందంటారు?”

ప్రభుత్వ లాయరు కాగితాలు సర్దుకున్నాడు.

తీర్పు వచ్చింది. దవడ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందేనని, పెన్షన్ ఇవ్వాలని. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని తిప్పన్న యశోద చేత తెలుగులో చెప్పించుకున్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. అందులో పెన్షన్ మాట దగ్గర కాదు, ‘సర్వీసు వల్ల’ అన్నచోట ఆయన తల ఊపాడు. మరునాడు మడికి కాలువ గట్టున కాకుండా, ఇస్కూలు ముందునుంచే నడిచి పోయాడు.

కథ కంచికి చేరిందని మీరు అనుకుంటే మీకు మన ప్రభుత్వం సంగతి తెలియదన్నమాట. ఒక రైతు దవడ ముందు అది ఓడిపోయి ఊరుకుంటుందా? దేశ రక్షణ ఏమైపోవాలి?

నెల తిరిగేసరికి కోదండరామి బైకు మీద నేరుగా మడి దగ్గరికే వచ్చాడు. తిప్పన్న పారతో నీళ్ళ మడవ తిప్పుతున్నాడు, నేత్రావతి గట్టు మీద కలుపు మోపు కడుతోంది.

“గవర్మెంటోళ్ళు పైకోర్టుకు పోయినారప్పా” అన్నాడు కోదండరామి, బండి దిగకుండానే. “ఢిల్లీ నుంచి శానా పెద్ద లాయర్ను పెడ్తాండారంట. నిలబడినాడంటే పొద్దుగూకేదంకా ఆపకుండా మాట్లాడ్తాడంట, అంత నోరంట ఆయప్పది.”

నేత్రావతి చేతిలోని మోపు అట్లాగే వదిలేసింది. మొగుడు పార విసిరికొడతాడని కోదండరామి బండిని ఒక అడుగు వెనక్కి కూడా నెట్టుకున్నాడు.

తిప్పన్న పార గట్టుకు ఆనించాడు. మొహం మీది నీళ్ళు తుడుచుకుని, నిజంగానే జాలిగా అన్నాడు.

“ఆ పెద్దాయనకు దవడ జాగర్త అని చెప్పప్పా. రేపు దానికి ఏమన్నా అయితే, ఆయన ఇంట్లో ఏం తింటాండాడని అడుగుతారు.”